పెళ్లిచూపుల్లో రీజనింగ్ పరీక్ష

నిజామాబాద్ బస్టాండుకు దగ్గరలో, కింద చెప్పుల షాపు, పైన కోచింగ్ సెంటరు ఉన్న బిల్డింగులో నేను రీజనింగ్ చెబుతాను. పోలీసు ఉద్యోగానికైనా బ్యాంకు ఉద్యోగానికైనా ఈ సబ్జెక్టు తప్పదు. మనిషికి ఆలోచించే శక్తి ఉందో లేదో ప్రభుత్వం దీంతోనే తేల్చుకుంటుంది. అందుకని రోజూ పొద్దున్నే బోర్డు మీద "అన్ని బర్రెలూ కుర్చీలే. కొన్ని కుర్చీలు మబ్బులు" అని రాస్తాను. గది నిండా కూర్చున్న ఎమ్మెస్సీలు, బీటెక్కులు దాన్ని శ్రద్ధగా నోట్సులోకి ఎక్కించుకుంటారు. బర్రె కుర్చీ ఎట్లయితది మేడం అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగినవాడికి ఉద్యోగం రాదని వాళ్లకు తెలుసు.

మా సెంటరు ఓనరుకు తర్కం మీద అపారమైన నమ్మకం. ఒక ఏడాది ఫలితాలు సరిగా రాలేదని వాస్తు చూపించి, క్లాసురూముకు ఉన్న ఒక్క కిటికీనీ ఇటుకలతో మూయించాడు. గాలి ఆడక పిల్లలు కూర్చున్నచోటే తూగుతున్నారని చెప్పాను. "అటిటు సూస్తలేరు గద మేడం, కాన్సంట్రేషన్ పెరిగింది" అన్నాడు. నేను వెంటనే ఊరుకున్నాను. నెలాఖరు దగ్గర పడుతోంది.

అయితే మా కుటుంబంలో రీజనింగ్ నిపుణురాలు నేను కాదు. ఆ గౌరవం మా బావగారిది. మా ఆయనకు సొంత అన్న, బోధన్‌లో ఉంటారు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆయన ఫీల్డ్‌మ్యాన్. ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో చెప్పడం ఆయన పని. చేలో చెరుకు ఎండిపోతుంటే రైతులు ఆయన వెంట తిరిగేవారు. ఈయన స్కూటరు దిగకుండానే "సూద్దాం తియ్" అని సాగిపోయేవారట. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. చుట్టుపక్కల చేలు వరికీ సోయాకీ మారాయి. ఆయన నోటి నుంచి ఏం వస్తుందా అని ఎదురుచూసేవాళ్లు లేకుండా పోయారు. ఆ లోటు తీర్చడానికి చాలా ఏళ్ల తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది.

తెల్లవారగానే కుటుంబం గ్రూపులో ఆయన ఒక పజిల్ పెడతారు. రంగురంగుల బొమ్మ, దాని మీద "మేధావులు మాత్రమే చెప్పగలరు" అన్న హెచ్చరిక. జవాబు సాయంత్రం వస్తుంది. ఈలోపు ఎవరేం రాసినా "సూద్దాం" అనే ఒకే మాట, పక్కన నవ్వు మొహం. ఆ పగలంతా మా బావగారు మళ్లీ స్కూటరు మీద ఉంటారు, మేమంతా చెరుకు రైతులం.

ఆయన స్వయంగా పజిల్ విప్పడం నేనెన్నడూ చూడలేదు. ఎవరో పంపిన బొమ్మ, దానితోపాటే ఎవరో రాసి పంపిన జవాబు. అలా వచ్చిన జవాబు ఆయన దృష్టిలో పైనుంచి వచ్చిన ఆర్డరు. ఆర్డరును ప్రశ్నించే అలవాటు ఆయనకు ఉద్యోగంలోనూ లేదు.

ఒకసారి అలాంటి జవాబు తప్పని గ్రూపులో వివరంగా రాశాను. కాసేపటికి బావగారి భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అక్కా అంటాను.

"ఏం రాసినవే తల్లీ? మీ బావ అన్నం తింటలేడు."

"తప్పుంటే తప్పని చెప్పిన అక్కా."

"తప్పని నాకు గూడ ఎరుకనే. నేను చెప్పిన్నా? ఆయన గా ఫోన్ వట్టుకొని ఓ పక్కకు కూసుంటెనే నాకు ఇంట్ల పని సాగుతది."

నేను రాసింది తీసేశాను. బావగారు అన్నం తిన్నారు.

వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఎమ్మెస్సీ చదివి, మా ఇంట్లో ఉంటూ, మా సెంటరులోనే పరీక్షలకు తయారవుతోంది. నన్ను చిన్నమ్మా అంటుంది గానీ క్లాసులో మాత్రం ఆఖరు బెంచీలో, నాకు సంబంధం లేనట్టు కూర్చుంటుంది. తక్కువ మాట్లాడుతుంది. లెక్క తేలిన వెంటనే పెన్ను మూసే రకం కాదు. తను రాసిన జవాబు తప్పనుకుంటే ఏమవుతుందో అది కూడా చూసుకుని, అప్పుడు పెన్ను మూస్తుంది. ఈ పద్ధతి వల్ల పరీక్షలో టైం చాలదని నేనే ఆమెను చాలాసార్లు కసిరాను.

ఈమెకు ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది బావగారి పాత స్నేహితుడు, బోధన్ బజారులో తాతల నాటి బట్టల షాపు ఉన్న ఒక ముస్లిం పెద్దమనిషి. మేమంతా ఆయన్ని చాచా అంటాం. అబ్బాయిది జక్రాన్‌పల్లి దగ్గర ఒక పల్లె, పసుపు పండించే ఇల్లు. హైదరాబాదులో కోచింగ్ తీసుకుని మొదటి ప్రయత్నంలోనే ప్రభుత్వోద్యోగం కొట్టాడు. రీజనింగులో మంచి మార్కులొచ్చాయని చాచా ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. అక్కడే చెడింది.

"గట్లయితే నేనే సూస్త" అన్నారు బావగారు. "దిమాక్ ఉన్నోడో, బట్టీ కొట్టినోడో తేలాలె."

అక్క అడ్డం వచ్చింది. "ఇంటికొచ్చిన పిలగానికి పరీక్ష వెడ్తవా? లేసి పోతరు."

"పోతే పోనీ. దిమాక్ లేనోనికి బిడ్డనిస్తమా?"

"నన్ను సూడొచ్చిననాడు మా నాయిన నిన్ను గిట్ల అడిగిండా?"

"అడిగితే చెప్తుంటి."

"అడిగుంటే మంచిగుండు" అనేసి అక్క లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున వాళ్లు వచ్చారు. అబ్బాయి, తల్లి, తండ్రి, వెంట చాచా. నేను, మా ఆయన ముందురోజే బోధన్ చేరుకున్నాం. అబ్బాయి చూడ్డానికి బాగున్నాడు. మాట మెత్తన. మిర్చీలు తింటూ పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత అబ్బాయి తల్లి మా పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"వంటొస్తదా బిడ్డా?"

"వస్తది" అంది మా పిల్ల. ఒక క్షణం ఆగి, "మీ కొడుక్కొస్తదా?" అని అడిగింది.

తల్లి బిత్తరపోయింది. అబ్బాయే నవ్వేసి, "చాయ్ మంచిగ పెడ్త. కూర జేస్తే మాత్రం ఎవ్వలు తినరు" అన్నాడు. అందరం నవ్వాం. ఇద్దరినీ కాసేపు మేడ మీదికి పంపించాం. దిగివచ్చేటప్పుడు ఆ పిల్ల ముఖం చూశాను. ఇన్నాళ్లుగా మా ఇంట్లో ఉంటోంది గానీ అంత వెలుగు ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. అక్కడితో అందరూ లేచి ఇళ్లకు పోయి ఉంటే ఈపాటికి వాళ్ల పెళ్లయ్యేది.

బావగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఫోన్ తీశారు. అక్క కళ్లు మూసుకుంది.

"బాబూ, చిన్న ప్రశ్న" అని మొదలుపెట్టారు. "ఒగాయిన గోడకున్న ఫొటో సూపిచ్చి ఇట్లంటడు. నాకు అన్నదమ్ములు లేరు, అక్కజెల్లెండ్లు లేరు. ఈ ఫొటోల ఉన్నోని నాయిన, మా నాయినకు కొడుకు. మరి ఫొటోల ఉన్నదెవలు?"

"అరె భాయ్, ఎవలింటి ఫొటోనో మనకెందుకు? చాయ్ సల్లారుతున్నది" అన్నాడు చాచా. ఎవరూ పట్టించుకోలేదు.

అబ్బాయి ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆయన కొడుకు సార్" అన్నాడు.

"ఎట్ల?"

"ఆయనకు అన్నదమ్ములు లేరు గద సార్. అంటే వాళ్ల నాయినకు ఆయనొక్కడే కొడుకు. ఫొటోల ఉన్నోని నాయిన ఎవలంటే ఆయననే అన్నట్టు. గప్పుడు ఫొటోల ఉన్నది ఆయన కొడుకైతడు."

ఇంత శుభ్రంగా నేను కూడా చెప్పలేను. ఇదే ప్రశ్నకు నేను బోర్డు మీద వంశవృక్షం గీసి, బాణాలు వేసి, పిల్లల్ని సగం పీరియడు హింసిస్తాను. సంతోషంగా మా పిల్ల వైపు చూశాను. ఆమె తలవంచుకుని నవ్వు ఆపుకుంటోంది.

బావగారు ఫోన్ స్క్రీను అందరికీ కనబడేలా తిప్పారు. "తప్పు. ఫొటోల ఉన్నది ఆయిననే. సొంత ఫొటో. ఈడ రాసుంది సూడుండ్రి."

అబ్బాయి తండ్రి ముఖం వాడిపోయింది. "ఏందిరా, మంచిగ ఆలోచించి చెప్పరాదా" అని కొడుకును గదిమాడు. సంబంధం కళ్ల ముందే జారిపోతున్నట్టు తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఆగలేదు. "బావా, అబ్బాయి చెప్పిందే కరెక్టు" అన్నాను. "ఫొటోల ఉన్నది ఆయనే అనుకో. అప్పుడు ఫొటోల ఉన్నోని నాయిన అంటే వాళ్ల నాయిన. ఆ నాయిననే వాళ్ల నాయినకు కొడుకంటే, ఒక మనిషి తనకు తానే కొడుకు కావాలె."

"తౌబా, తౌబా" అన్నాడు చాచా.

"కోచింగ్ లెక్కలు వేరే, దిమాక్ లెక్కలు వేరే" అని బావగారు నన్ను చేత్తోనే పక్కకు పెట్టేశారు. "బాబూ, ఆమె మాట ఇడిసిపెట్టు. నువ్వే మళ్లొకసారి ఆలోచించి చెప్పు. ఫికర్ లేదు."

అబ్బాయి ఫోన్ వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. మా పిల్ల వైపు మాత్రం చూడలేదు. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "లేదు మేడం, సార్ చెప్పిందే కరెక్టు. నేను జల్దీల చెప్పిన" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే దానికి కారణం కూడా చెప్పాడు. "ఫొటో సూపిచ్చుకుంట 'మా నాయిన' అని తన ముచ్చటనే చెప్తున్నడు గదా. అంటే సొంత ఫొటోనే అయి ఉంటది. లోతుగ ఆలోచిస్తే గని తెలుస్తలేదు సార్. మంచి ప్రశ్న."

ఒప్పు జవాబుకు కారణం చెప్పడం మా క్లాసులో పాతికమందికి వస్తుంది. తప్పు జవాబుకు, అదీ కూర్చున్నపళంగా, ఇంత నమ్మకంగా కారణం అల్లడం అందరికీ వచ్చే విద్య కాదు. ఉద్యోగం మొదటి ప్రయత్నంలోనే ఎందుకు వచ్చిందో నాకప్పుడు తెలిసింది. ఇతనికి ప్రమోషన్లు కూడా ఆగవు.

బావగారు కరిగిపోయారు. "సూసిన్రా! తప్పు జేసిండు గని ఒప్పుకున్నడు. ఇయ్యాల్రేపు ఇసొంటి పిలగాండ్లు దొరుకుతరా?" అని స్వయంగా లేచి అబ్బాయి చేతిలో బర్ఫీ పెట్టారు. తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు. తల్లి కొంగు దించింది. తనకు తానే కొడుకైన ఆ ఫొటోలోని మనిషి నాయిన తప్ప గదిలో అందరూ బాగుపడ్డారు.

మా పిల్ల ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. నేనూ వెనకాలే వెళ్లాను. కప్పులు సింకులో పెట్టి, నల్లా తిప్పకుండా నిలబడింది.

"చిన్నమ్మా, ఆయనకు ఎరుకనే గదా?"

"ఎరుకనే."

"మరి గట్లెందుకన్నడు?"

"నువ్వు నచ్చినవ్ గనుక. సంబంధం చెడగొట్టుకోవద్దని."

"నాకు గూడ నచ్చిండు" అంది. "మీద మాట్లాడినప్పుడు మస్తు మంచిగ మాట్లాడిండు. నాకు ఉద్యోగమొస్తే ఇల్లు ఏడ తీసుకుందమని గూడ అడిగిండు." సింకులోని కప్పులను ఒకదాంట్లో ఒకటి పెట్టింది. "నువ్వు ఆయన దిక్కు మాట్లాడితివి. నిన్నే తప్పు జేసిండు. రేపు నేను నిజం చెప్పి, ఎదురుంగ వాళ్ల పెద్దసారో, వాళ్ల నాయినో ఉంటే, నన్ను గూడ గిట్లనే 'లేదు మేడం' అంటడు. వద్దు చిన్నమ్మా."

వాళ్లు వెళ్లిపోయాక ఆ మాటలేవీ చెప్పకుండా "నాకొద్దు బాపూ" అని ఒక్క ముక్క చెప్పింది. బావగారు నివ్వెరపోయారు. రెండు పూటలు ఆలోచించారు. మూడో పూటకు కారణం ఆయనకే దొరికింది. జవాబు తప్పు చెప్పినవాడిని తన బిడ్డ కాదంది. ఎంతైనా తన రక్తం. ఈ మాట బోధన్ బజారంతా తిరిగింది. పాపం చాచా ఎండలో జక్రాన్‌పల్లి దాకా పోయి, పరీక్షలో తప్పిన పెళ్లికొడుకు తల్లిదండ్రులకు ఏదో సర్దిచెప్పి వచ్చాడు. ఆడపిల్లల తండ్రులు ఇద్దరు ముగ్గురైతే మా బావగారి దగ్గరికి వచ్చి, మాకు కాబోయే అల్లుడికి కూడా ఏమన్నా ప్రశ్న చెప్పు పటేలా అని అడిగారట. ఆయన "సూద్దాం తియ్" అన్నారట.

అబ్బాయికి మొద్దు అన్న పేరు రావడం మా పిల్లకు నచ్చలేదు. మేమంతా మళ్లీ బోధన్‌లో కలిసిన రోజు, చాయ్ తాగుతున్న తండ్రి ఎదురుగా కూర్చుంది.

"బాపూ, చిన్నబాపు లేడనుకో. నీ చెల్లె, అత్తమ్మ గూడ లేదనుకో."

"నన్నెందుకు సంపుతవే?" అన్నాడు మా ఆయన, బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

"నువ్వు ఒక్కనివే. మా తాతకు కొడుకెవలు?"

"నేనే."

"ఫొటోల ఉన్నోని నాయిన మా తాతకు కొడుకు. అంటే ఎవలు?"

"నేనే."

"మరి ఫొటోల ఉన్నది నీకేమైతడు?"

బావగారు చాయ్ కింద పెట్టారు. గోడ వైపు చూశారు. బిడ్డ వైపు చూశారు. చాలాసేపటికి, "కొడుకు" అన్నారు. వెంటనే, "నాకు కొడుకు లేడు గద. గందుకే తట్టలే" అన్నారు.

ఆ సమర్థనకు నేను నిజంగానే తలవంచాను. కానీ ఆయన అక్కడ ఆగలేదు. ముఖం వెలిగింది. "అంటే పోరడు కరెక్టే చెప్పిండు! దిమాక్ ఉన్నోడే! ఏదీ నా ఫోన్, చాచాకు చెప్త. మళ్ల మాట్లాడుదం."

"బాపూ, కరెక్టు చెప్పిండు గనుకనే వద్దంటున్న."

ఆయనకు అర్థం కాలేదు. తప్పు చెబితే వద్దు, ఒప్పు చెబితే కావాలి. ఇంత నేరుగా ఉన్న లెక్కను ఈ పిల్ల ఎందుకు తలకిందులు చేస్తోంది?

"ఎరుక లేక తప్పు చెప్తే నాకు ఫికర్ లేకుండె" అంది. "ఎరుకుండి, చెప్పిన మాట వాపస్ తీసుకున్నడు."

"పెద్దోన్నని నాకు మర్యాదిచ్చిండు బిడ్డా. గది గూడ తప్పేనా?" ఈసారి ఆయన గొంతులో హేళన లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

"మర్యాద ఇచ్చుడు వేరే బాపూ. ఊకుంటే మర్యాద. లోతుగ ఆలోచిస్తే మీరే కరెక్టు అని కథ చెప్పిండు. నిన్ను పిచ్చోన్ని జేసిండు. నువ్వు ఆయనకు బర్ఫీ వెట్టినవ్."

వెల్లుల్లి ఒలుస్తూ మూలన కూర్చున్న అక్క తల ఎత్తకుండానే అంది. "నేను ఇన్నేండ్ల సంది చేస్తున్నది గదే. నువ్వు అన్నదానికల్ల అవునన్న, ఇల్లు నడిపిన. నువ్వేమో నీకు మస్తు దిమాక్ ఉన్నదనుకున్నవ్. నా అసొంటి మొగోడు వద్దంటున్నది నా బిడ్డ. మంచిగనే అంటున్నది."

ఆ మాట అని ఆమె మళ్లీ వెల్లుల్లి ఒలవసాగింది. బావగారు ఫోన్ బోర్లా పెట్టి, చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం గ్రూపులో జవాబు రాలేదు. మా బంధువులు కంగారుపడి, ఆరోగ్యం ఎట్లుందని నాకు ఫోన్లు చేశారు.

ఆ అబ్బాయికి మోర్తాడ్ పిల్లతో పెళ్లి కుదిరింది. చాచా పట్టుబట్టి మమ్మల్ని కూడా తీసుకెళ్లాడు. ఫంక్షన్ హాలులో ఆడపెళ్లివాళ్ల పెద్దమనిషి ఒకాయన, ఈ కాలంలో ఇంత వినయమున్న అల్లుడు దొరకడని, ఒక్క మాటకైనా ఎదురు చెప్పలేదని మాకు చెప్పి మురిసిపోయాడు. మేము బంతిలో కూర్చున్నాక పెళ్లికొడుకు పలకరింపుగా వచ్చాడు. నా పక్కకు వంగి, చుట్టూ ఒకసారి చూసుకుని, గొంతు బాగా తగ్గించాడు.

"మేడం, ఆనాడు నా జవాబు కరెక్టే గదా?"

"కరెక్టే."

"నాకెరుకనే మేడం" అన్నాడు. కళ్లలో నిజమైన సంతోషం. ఈ ఒక్క మాట కోసం ఇన్నాళ్లు కాచుకున్నట్టున్నాడు.

నా అవతల కూర్చున్న బావగారు, "ఏమంటుండు?" అని అడిగారు.

"ఏం లేదు సార్. మీకు ఇంకో స్వీటు ఎయ్యమంటున్న" అన్నాడతను వెంటనే నిటారుగా నిలబడి.

మా పిల్లకు తర్వాతి పరీక్షలో ఉద్యోగం వచ్చింది. మెండోర దిక్కు ఒక ఊళ్లో పంచాయతీ కార్యదర్శి. మురుగుకాల్వ ఎవరి గోడ పక్కనుంచి పోవాలన్న దాని మీద రోజూ ఎవరో ఒకరితో గొడవపడి మా ఇంటికి వస్తుంది. పెళ్లిలో అతను అడిగిన సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని కొన్నాళ్లు ఊగాను. చివరికి ఒకరోజు పొద్దున ఆమె టిఫిన్ బాక్సు సర్దుకుంటుంటే చెప్పేశాను.

"గట్టిగ అడిగిండా?" అంది.

"లేదు. చెవుల అడిగిండు."

బాక్సు మూత గట్టిగా నొక్కి, బ్యాగు భుజాన వేసుకుని, బస్సుకు టైమవుతోందని వెళ్లిపోయింది.